ఖలజ్ భాష అడుగుజాడలు

ఖిల్జీ అన్న పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. బడిలో చరిత్ర పాఠం చదివిన ఎవరికైనా అల్లావుద్దీన్ ఖిల్జీ గుర్తుంటాడు. అతని సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లు కోటను ముట్టడించాడు. 1310లో ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకుని ఏనుగులూ, గుర్రాలూ, ధనమూ ఇచ్చి పంపాడు. ఇదంతా మనం చదువుకున్నదే. మరి ఖిల్జీ అన్న ఆ పేరు ఎక్కడిది? అది ఒక తెగ పేరు. దాని అసలు రూపం ఖలజ్.

ఈ పూట మీతో మాట్లాడదలచుకున్నది రాజుల గురించి కాదు. ఆ పేరుతో బతికి ఉన్న ఒక భాష గురించి. అవును, ఖలజ్ అనే భాష ఒకటి ఇవాళ్టికీ ఉంది. ఇరాన్ మధ్యభాగంలో, టెహరాన్‌కు నైరుతి దిక్కున, కుమ్ నగరానికీ అరాక్ పట్టణానికీ నడుమ ఉన్న కొన్ని పదుల పల్లెల్లో ఉంది. అక్కడ ఒక ప్రాంతం పేరే ఖలజిస్తాన్. తల్‌ఖాబ్, ఖర్రాబ్ అనే పల్లెలున్నాయి. ఎండిన మెట్టలు, నీళ్ళున్న చోట తోటలు, గొర్రెల మందలు. చుట్టూ ఎటు చూసినా పారసీకం మాట్లాడేవాళ్ళే. మధ్యలో ఈ కాసిన్ని పల్లెల్లో ముసలివాళ్ళు తమలో తాము మాట్లాడుకునే మాట మాత్రం పారసీకం కాదు. అది తుర్కిక్ కుటుంబానికి చెందిన భాష. ఆ భాష వచ్చినవాళ్ళు ఎంత ఉదారంగా లెక్కవేసినా కొన్ని పదుల వేలమంది. మన దగ్గర ఒక మోస్తరు పట్టణంలో ఉండే జనాభా.

ఇరాన్‌లో ఉన్న ఈ ఖలజులూ, ఢిల్లీని ఏలిన ఖిల్జీలూ ఒకే తెగ కొమ్మలేనా? పేరు ఒకటే. మూలం కూడా ఒకటే అయి ఉంటుందని చాలామంది అంటారు, కాదనేవాళ్ళూ ఉన్నారు. పదో శతాబ్దపు పారసీక భూగోళవేత్త ఇస్తఖ్రీ ఖలజుల గురించి రాశాడు. వాళ్ళు సీస్తాన్‌కూ హిందూదేశానికీ మధ్య పశువుల్ని మేపుకుంటూ ఉండే తుర్కులని, రూపమూ వేషమూ భాషా అన్నీ తుర్కులవేనని చెప్పాడు. ఆ తరవాత అఫ్గన్ల నడుమ తరాల తరబడి ఉండి, వాళ్ళలో కలిసిపోయారు. 1290లో ఢిల్లీ గద్దె ఎక్కేనాటికి వాళ్ళను అక్కడి తుర్కు సర్దారులు తమవాళ్ళుగా ఒప్పుకోలేదు, అఫ్గన్లుగానే చూశారు. అంటే తూర్పుకు వచ్చిన ఖలజులకు రాజ్యం దక్కింది, భాష పోయింది. ఇరాన్ పల్లెల్లో ఉన్నవాళ్ళకు రాజ్యం ఏదీ లేదు. వాళ్ళ దగ్గర భాష మిగిలింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ చిన్న భాషను చాలాకాలం ఎవరూ భాషగా లెక్కపెట్టలేదు. పక్కనున్న అజర్‌బైజానీ తుర్కీకి ఇదొక యాస అనుకున్నారు. ఒకసారి యాస అని చీటీ అంటించాక ఇక దాని జోలికి ఎవరు వెళతారు? పెద్ద భాష తెలిస్తే చాలు, చిన్నది తెలిసినట్టే అనుకుంటారు. ఖలజ్‌కు జరిగింది అదే.

వ్లదీమిర్ మినోర్‌స్కీ అని గొప్ప రష్యన్ పండితుడు. యువకుడిగా ఉన్నప్పుడు దౌత్య ఉద్యోగం మీద ఇరాన్‌లో ఉన్నారు. 1906లో ఖలజుల మాటలు కొన్ని రాసుకున్నారు. ఆ కాగితాలు ముప్ఫై ఏళ్ళకు పైగా ఆయన దగ్గరే ఉండి, చివరికి 1940లో లండన్‌లో ఒక వ్యాసంగా అచ్చయ్యాయి. ఆ వ్యాసం ఖలజుల మాటను ఒక తుర్కీ మాండలికంగానే పరిచయం చేసింది. దాదాపు అదే కాలంలో ఇరాన్ పండితుడు మొహమ్మద్ మొఖద్దమ్ ఆ చుట్టుపక్కల మాండలికాల మీద పుస్తకం వేస్తూ ఖలజ్ మాటలూ కొన్ని ఇచ్చారు. అప్పుడు కూడా పెద్దగా కదలిక రాలేదు.

కదలిక తెచ్చినవారు గెర్‌హార్డ్ డోర్ఫర్. జర్మనీలో గ్యోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. పారసీకంలోకి వెళ్ళిన తుర్కీ, మంగోలు మాటల మీద సంపుటాలు రాసిన మనిషి. 1968లో ఆయన ఒక వ్యాసం ప్రకటించారు. మధ్య ఇరాన్‌లో ఉన్న ఖలజ్ యాస కాదు, ప్రాచీన లక్షణాలున్న ఒక తుర్కిక్ భాష అన్నారు. అక్కడితో ఊరుకోలేదు. తన బృందంతో ఆ పల్లెలకు వెళ్ళారు, మళ్ళీ వెళ్ళారు. రైతుల్ని, ముసలమ్మల్ని కూర్చోబెట్టి మాటలు, కథలు రాసుకున్నారు. టర్కీ పండితుడు సెమీహ్ తెజ్‌జాన్‌తో కలిసి ఖర్రాబ్ పల్లె మాటకు నిఘంటువు తయారు చేశారు, అది 1980లో వచ్చింది. 1988లో వ్యాకరణం వచ్చింది. ఒక చిన్న పల్లెకు ఒక నిఘంటువు! ఆ శ్రద్ధకు మనం చేతులెత్తి మొక్కాలి.

సరే, ఆయన అంత ధీమాగా ఎలా చెప్పగలిగారు? ఇది వేరే భాష, వేరే కొమ్మ అని దేన్ని చూసి అన్నారు? దీనికి జవాబు ఒక్క మాటలో దొరుకుతుంది. పాదం అన్న మాటలో.

తుర్కిక్ కుటుంబం చాలా పెద్దది. ముప్ఫైకి పైగా భాషలు. ఇటు ఇస్తాంబుల్ నుంచి అటు సైబీరియా మంచుదేశం దాకా పరుచుకుని ఉన్నాయి. అయినా వాటిలో చాలావాటికి దగ్గరి పోలికలు. పాదం అన్న మాట పట్టుకుని ఆ దారి వెంబడి ఒకసారి వెళదాం, నాతో రండి. టర్కీలో పాదాన్ని అయక్ అంటారు. కజకులూ అయక్ అంటారు. ఇంకా తూర్పుకు, సైబీరియాలోని ఖకాసుల దగ్గరికి వెళితే అజఖ్. తువా ప్రాంతంలో అదక్. ఉత్తరాన సఖా వాళ్ళ దగ్గర అతఖ్. వోల్గా నది ఒడ్డున చువాష్ భాషలో ఉర. విన్నారు కదా? అయక్, అజఖ్, అదక్, అతఖ్, ఉర. అంతా ఒకటే మాట. మధ్యలో ఉన్న ఒక్క హల్లు ఒక్కో చోట ఒక్కో రకంగా మారింది. ఎక్కడ ఎలా మారిందో చూస్తే ఏ భాష ఏ కొమ్మదో తెలిసిపోతుంది. తుర్కిక్ భాషల్ని వర్గాలుగా విడదీసే పండితులు ఈ ఒక్క మాటను గీటురాయిగా పెట్టుకోవడం అందుకే.

ఇప్పుడు ఖలజ్ దగ్గరికి రండి. ఇరాన్‌లో ఆ పల్లెల చుట్టుపట్ల ఉండే ఇతర తుర్కీ జనం పాదాన్ని అయక్ అనే అంటారు. ఖలజులు మాత్రం హదక్ అంటారు. మళ్ళీ చెబుతాను. పక్కవాళ్ళు అయక్. ఖలజులు హదక్.

ఇక్కడ రెండు విషయాలున్నాయి. మొదటిది, మధ్యలో ఉన్న ద. పక్కవాళ్ళ నోట్లో అది ఎప్పుడో య అయిపోయింది. ఖలజుల నోట్లో ద ఇంకా ద గానే ఉంది. రెండోది ఇంకా ముఖ్యం. మాట మొదట్లో ఉన్న హ. ఇది ఇంత క్రమంగా మరే తుర్కిక్ భాషలోనూ నిలవలేదు. గుర్రాన్ని టర్కీలో అత్ అంటారు, ఖలజ్‌లో హత్. ఇంటిని టర్కీలో ఎవ్ అంటారు, ఖలజ్‌లో హెవ్.

ఈ హ ఎక్కడి నుంచి వచ్చింది? డోర్ఫర్ వాదన ఏమిటంటే, ఇది తుర్కిక్ మూలభాషలోనే ఉన్న ధ్వని. అంతకు ముందు అది ప అయి ఉండాలి. ప కాస్తా హ అయింది. తరవాత మిగతా భాషల్లో ఆ హ కూడా రాలిపోయింది. ఖలజ్‌లో మాత్రం రాలలేదు. తెలుగువాళ్ళకు ఇది కొత్తగా అనిపించకూడదు. కన్నడ సరిహద్దున ఉన్న శ్రోతలను అడగండి. మన పాలు వాళ్ళకు హాలు. మన పులి వాళ్ళకు హులి. పాత కన్నడంలో అక్కడా పాలే, పులే. ప వదులైతే హ అవుతుంది. ఆ హ ఇంకా వదులైతే పూర్తిగా పోతుంది. తుర్కిక్ భాషల్లో చాలావరకు ఆఖరి మెట్టు దాకా దిగిపోయాయి. ఖలజ్ ఒక మెట్టు పైనే ఆగింది.

ఒప్పుకోనివాళ్ళు లేరా అంటే ఉన్నారు. మంగోలియాలో ఓర్ఖోన్ నది దగ్గర ఎనిమిదో శతాబ్దపు తుర్కిక్ శాసనాలున్నాయి. ఆ లిపిలో హకు అక్షరమే లేదు. అంత పాత శాసనాల్లోనే లేని ధ్వనిని ఈ పల్లెల్లో ఎలా నమ్మాలి అన్నారు. కొన్ని మాటల్లోనైనా ఈ హ తరవాత వచ్చి చేరిందేమో అన్నారు. సబబైన అనుమానమే. కానీ చూడండి, సాక్ష్యం మరో దిక్కు నుంచి వచ్చింది. చైనాలో దున్‌హువాంగ్ గుహల్లో బయటపడిన పాత టిబెటన్ పత్రం ఒకటి ఇప్పుడు పారిస్‌లో ఉంది. ఉత్తర దేశాల జాతుల గురించి విన్న వింతలన్నీ అందులో రాశారు. ఎద్దు కాళ్ళున్న మనుషులు అని ఒక జాతి పేరు వస్తుంది. ఆ తుర్కిక్ పేరును టిబెటన్ రాయసగాడు చెవికి వినపడినట్టే అక్షరాల్లో పెట్టాడు. అందులో పాదానికి ఉన్న మాట హదగ్. అంటే వెయ్యేళ్ళకు పైబడిన ఆ కాగితం మీద, మొదట్లో హతో సహా, ఖలజ్ రైతు ఇప్పటికీ అనే మాటే ఉంది. నాకు ఈ ఒక్క సంగతి తెలిసినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఇక్కడ తెలుగు శ్రోతకు ఒక ఆలోచన తప్పక వస్తుంది. అదక్ అంటున్నారు, మన అడుగు కూడా అలాగే ఉందే! అడుగు అంటే మనకూ పాదమే కదా! ఇంకొకరు, ముందు అది పదక్ అయి ఉండాలన్నారు, అయితే అది సంస్కృతంలోని పాదమే కదా అనవచ్చు. ఆగండి. ఈ ఉచ్చులో పెద్దపెద్దవాళ్ళే పడ్డారు. ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన బిషప్ కాల్డ్‌వెల్ 1856లోనే ద్రావిడ భాషలకు, తుర్కిక్ వంటి మధ్య ఆసియా భాషలకు చుట్టరికం ఉందని వాదించారు. తరవాతివాళ్ళు దాన్ని రుజువైనదిగా ఒప్పుకోలేదు. ఎందుకంటే భాషల చుట్టరికం పోలిక మీద తేలదు, క్రమం మీద తేలుతుంది. మన అడుగుకు తమిళంలో అడి అన్నది జోడు. వెనక్కి వెళితే అది అటి. అటు తుర్కిక్ మాట వెనక్కి వెళితే హదక్, ఇంకా వెనక పదక్. నిజంగా చుట్టాలైతే వెనక్కి వెళ్ళేకొద్దీ దగ్గర పడాలి. ఇవి వెనక్కి వెళ్ళేకొద్దీ దూరమవుతున్నాయి. సంస్కృత పాదానికీ అంతే, ఒక్క మాట కలిస్తే చాలదు, వరస కలవాలి. ఒక భాషలో హ ఉన్న ప్రతిచోటా రెండో భాషలో ఒకే రకం మార్పు కనిపించాలి. హదక్, హత్, హెవ్. అక్కడ అయక్, అత్, ఎవ్. అదీ వరస అంటే. ఈ మాట మరోసారి చెబుతాను, మనసులో ఉంచుకోండి. పోలిక మీద కాదు, క్రమం మీద.

ధ్వనుల సంగతి అలా ఉంచండి. వ్యాకరణంలో ఒక ముచ్చట చెబుతాను. టర్కీ నుంచి ఒకతను ఖలజ్ పల్లెకు వెళ్ళాడనుకోండి. గుమ్మంలో ఉన్న అవ్వ ఏదో చెబుతూ హెవ్‌దె అంది. టర్కీ అతని భాషలో ఎవ్‌దె అంటే ఇంట్లో. మనిషి ఇంట్లో ఉన్నాడేమో అనుకుని లోపలికి తొంగి చూస్తాడు. కానీ ఖలజ్‌లో హెవ్‌దె అంటే ఇంటి నుంచి. ఇంట్లో అనాలంటే హెవ్‌చె అనాలి. ఒకే ప్రత్యయం, అక్కడ లో, ఇక్కడ నుంచి. ఇది తప్పుగా నేర్చుకున్న టర్కీ భాష కాదు. ఓర్ఖోన్ శాసనాల కాలంలో ఆ ఒక్క ప్రత్యయానికే రెండు అర్థాలూ ఉండేవి. టర్కిష్ ఒక అర్థాన్ని ఉంచుకుంది, ఖలజ్ రెండోదాన్ని ఉంచుకుంది. యాసల మధ్య తేడాలు ఈ తీరున ఉండవు.

మరో సాక్ష్యం పదకొండో శతాబ్దం నుంచి. మహమూద్ కాష్గరీ అనే మహానుభావుడు తుర్కుల మాటలన్నీ పోగుచేసి అరబ్బీలో నిఘంటువు రాశాడు. 1072లో మొదలుపెట్టాడు. ఏ తెగవాళ్ళు ఏ మాటను ఎలా పలుకుతారో కూడా రాసుకున్నాడు. అందులో అర్ఘు అనే జనం గురించి చెబుతూ, కాదు అనడానికి వాళ్ళు దగ్ అంటారన్నాడు. ఇవాళ్టి ఖలజ్‌లోనూ కాదు అనడానికి మాట దగ్. అర్ఘుల మాటలో ఇంకా కొన్ని లక్షణాలు ఖలజ్‌తో కలుస్తున్నాయి. అందుకే ఖలజులు ఆ అర్ఘుల వారసులని డోర్ఫర్ భావించారు. కొందరు పండితులు ఈ కొమ్మకు అర్ఘు శాఖ అనే పేరు పెట్టారు. టర్కీ పండితుడు తలాత్ తెకిన్ అయితే తన వర్గీకరణలో ఖలజ్‌ను ఒక్కదాన్నే విడిగా కూర్చోబెట్టి, హదక్ వర్గం అన్నారు. ఒక వర్గం, అందులో ఒకే ఒక భాష.

ఇది కాస్త ఆలోచించవలసిన విషయం. ఒక కొమ్మకు పది భాషలుంటే, ఒకటి పోయినా తొమ్మిది మిగులుతాయి. ఖలజ్ పోతే ఆ కొమ్మే పోతుంది. కోట్లమంది మాట్లాడే టర్కిష్‌లో లేని సంగతులు, శాసనాల్లో కూడా లేని సంగతులు, ఆ కొన్ని పల్లెల్లో పెద్దవాళ్ళ నోట్లో ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

వర్గీకరణ వల్ల ఖలజ్‌కు గౌరవం దక్కింది. పండితుల పుస్తకాల్లో చోటు దక్కింది. ప్రమాదంలో ఉన్న భాషల పట్టికలో యునెస్కో దాని పేరు రాసింది. కానీ పల్లెలో ఏం జరుగుతోంది? బడి పారసీకంలో. రేడియో, టీవీ పారసీకంలో. బతుకుతెరువు టెహరాన్‌లోనో కుమ్‌లోనో. ఇరాన్ రాజ్యాంగం పదిహేనో అధికరణం ప్రాంతీయ భాషల్లో పత్రికలు వేసుకోవచ్చునంది, పారసీకంతో పాటు వాటి సాహిత్యం బడిలో చెప్పుకోవచ్చునంది. కాగితం మీద ఉన్న ఆ హక్కు తల్‌ఖాబ్ లాంటి పల్లె బడి దాకా రావాలంటే, అంత చిన్న జనానికి వెనక నిలబడేవాళ్ళు ఎవరు? పట్నం వెళ్ళిన తల్లిదండ్రులు పిల్లలతో పారసీకంలో మాట్లాడతారు. పిల్లవాడు బడిలో వెనకబడకూడదని, నలుగురిలో నవ్వులపాలు కాకూడదని. వాళ్ళను తప్పుపట్టే హక్కు మనకు లేదు. కానీ ఒక తరం అలా గడిస్తే, మనవడికి హదక్ అన్న మాట అర్థమవుతుంది గానీ నోటికి రాదు. మరో తరం గడిస్తే అర్థం కూడా కాదు.

శ్రోతలారా, ఇలాంటి కథ మన దగ్గరా ఉంది. విశాఖ మన్యంలో కొండదొరల భాష కూబి. తెలుగుకు దగ్గరలోనే ఉన్నా తెలుగు యాస కాదు, ద్రావిడ కుటుంబంలో దానికి దాని స్థానం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఆ కొండవాళ్ళ దగ్గర మాటలు సేకరించి, 1969లో కూబి వ్యాకరణం వెలువరించారు. అటు డోర్ఫర్ ఇరాన్ పల్లెల్లో తిరుగుతున్న కాలమే అది. ఆ పుస్తకంలో తెలుగువాళ్ళందరూ తెలుసుకోదగ్గ సంగతి ఒకటుంది. మన పాత తెలుగులో రకు, బండి ఱకు తేడా ఉండేది. ఇప్పుడు మనం రెండింటినీ ఒకేలా పలుకుతాం. బడిపిల్లలకైతే ఆ అక్షరమే తెలియదు. మూల ద్రావిడ భాష నుంచి వచ్చిన ఆ ధ్వనిని, కొండ మీద కూబి మాట్లాడేవాళ్ళు మామూలు రతో కలవకుండా విడిగా నిలుపుకున్నారు. కోట్లమందిమి మనం పోగొట్టుకున్నదాన్ని వాళ్ళు దాచి ఉంచారు.

అరకు వైపు ఉద్యోగాలు చేస్తున్న ఉపాధ్యాయులు, ఆదిలాబాద్ వైపు కొలాముల గూడేలకు వెళ్ళివచ్చే ఆరోగ్య కార్యకర్తలు, గదబలు, కువి వాళ్ళ ఊళ్ళకు దగ్గరగా ఉండేవాళ్ళు ఈ ప్రసంగం వింటున్నారేమో. మీకొక విన్నపం. వాళ్ళ మాటను యాస అనకండి, వచ్చీరాని తెలుగు అని అసలే అనకండి. బడిలో ఒక పిల్లవాడు ఆ భాషలో మాట అంటే నవ్వకండి, పక్కవాళ్ళను నవ్వనివ్వకండి. మీ చేతిలో ఫోన్ ఉంది. ఒక అవ్వను అడిగి, ఆమె సమ్మతి తీసుకుని, ఒక కథ చెప్పించి రికార్డు చేయండి. ఆమె పేరు, ఊరు పేరు, తేదీ రాసి పెట్టండి. ఒక ప్రతి ఆ ఇంట్లోవాళ్ళకు ఇవ్వండి. ఇంకొకటి దగ్గరలోని విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర శాఖకు చేర్చండి. ఖర్రాబ్ పల్లె మాటకు నిఘంటువు ఉందంటే, అడిగినవారు ఉండబట్టే, ఓపిగ్గా చెప్పిన పల్లెవాళ్ళు ఉండబట్టే. ఈ వారమే వెళ్ళి అడగండి.